బ్రిసా పేరు రాసిన రోజు

సెర్రో పార్దో కాలనీ, ప్యూబ్లా
మే 19

చెల్లి కాందేకి,

అక్క దెల్ఫీనా ప్రేమతో, కాస్త భయంతో కూడా రాస్తున్నది. కవరు మీద మఠంలో నీకు పెట్టిన పొడుగాటి పేరే రాశాను, లేకపోతే మీ గేటు దగ్గర సిస్టర్ వెనక్కి పంపేస్తుంది. లోపల మాత్రం నువ్వు నాకు కాందేవే. ఇక్కడ ముగ్గురం తింటున్నాం, తిరుగుతున్నాం, మంచాన పడినవాళ్ళెవరూ లేరు. మా ఆయన రుతీలియోకి మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ వ్యాను నడుపుతున్నాడు. మా అబ్బాయి ఎలియాస్‌కి మొన్న పదో తారీఖుకి పదకొండు నిండాయి. నీ దగ్గు తగ్గిందనీ, మదర్ నిన్ను బట్టలుతికే పని నుంచి వంటింట్లోకి మార్చిందనీ చదివి సంతోషించాను. ఆ చన్నీళ్ళలో ఇన్నేళ్ళు ఎలా ఉన్నావో.

మీ మఠంలో ఫోను మాట్లాడనివ్వరని ఒకప్పుడు నాకు కోపంగా ఉండేది. ఇప్పుడు అదే మంచిదనిపిస్తోంది. ఈ సంగతులు ఫోనులో అయితే నా నోట రావు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను.

ముందు నువ్వడిగినవి చెప్తాను. చర్చిలో పూజకి మీరు చేసే పల్చటి అప్పాలు కోయగా మిగిలిన అంచులు రెండు సంచులు పంపావు కదా, నలగకుండా అందాయి. ఎలియాస్ రోజుకి గుప్పెడు తింటాడు. తినేముందు ఒక్కొక్క ముక్కనీ చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. వాటికి రుచి లేదు, వాసన లేదు, చేతికి అంటుకోవు. వాడికి నచ్చే తిండి మీ వంటింట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. మాట్లాడుతున్నాడా అని అడిగావు. 'నీళ్ళు' అంటాడు, 'చాలు' అంటాడు. మిగతాదంతా బొమ్మల కార్డులు చూపించడమే. ఆ రెండు మాటలకే నేను ఏడ్చాను.

కొత్త బడి ఎలా ఉందని అడిగావు. అబద్ధమెందుకు, చాలా బాగుంది. గోడలకి కళ్ళు చెదరని రంగులు వేశారు. ఒక గదినిండా మెత్తటి పరుపులు పరిచారు, అందులో ఒక గుడ్డ ఊయల ఉంది. పిల్లలకి చెవులు నొప్పి పుట్టకుండా బెంచీల కాళ్ళకి రబ్బరు తొడిగారు. గేటు ఇనుపది, కాపలా మనిషి ఉన్నాడు. గేటు పక్కన గోడ మీద ఎలియాస్ ఫోటో పెట్టారు. నువ్వు నమ్మవు గానీ అందులో వాడి ముక్కు నా తలంత ఉంది. దాని కింద దాతల పేర్లు. నేను అక్కడ ఆయాగా చేరానని పోయినసారి రాశాను. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. ఎందుకు లేదో చెప్తాను.

నీ ఉత్తరంలో చివరి ప్రశ్న తోమాసా గురించి. నా ఉత్తరాల అడుగున ఎప్పుడూ రెండు వాక్యాలు కలిపేది కదా, ఈమధ్య ఎందుకు కలపడం లేదని అడిగావు. నా మీద అలిగిందా అని నవ్వుతూ రాశావు. అప్పటికి అలగలేదు, ఉత్తరాలు ఆమెకి చూపించడం నేనే మానేశాను. దానికి జవాబు చెప్పాలంటే పిండిమర దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నీకు కొంత తెలిసిందే, అయినా చదువు.

ఏడేళ్ళ కిందట పెద్దాసుపత్రి నడవాలో నాకు తోమాసా పరిచయమైంది. అప్పుడు ఎలియాస్‌కి నాలుగు, ఆమె కూతురు బ్రిసాకి ఆరు. ఇద్దరి చేతుల్లోనూ 'ఆటిజం' అని రాసిన కాగితం ఒకటి. సర్కారు ప్రత్యేక బడిలో ఖాళీ లేదు, మూడేళ్ళ తర్వాత రమ్మన్నారు. నేను గోడకి ఆనుకుని ఏడుస్తుంటే తోమాసా గుమాస్తా కిటికీ దగ్గరికి వెళ్ళి, "మూడేళ్ళా బాబూ? అప్పటికి నీకు పెళ్ళవుతుంది, నీ పిల్లల్ని కూడా ఈ వరసలోనే నిలబెడదాంలే" అంది. వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ రోజు ఇద్దరం ఒకే బస్సులో కొండెక్కి వచ్చాం. ఆమె ఇల్లు మా ఇంటికి నాలుగు సందుల అవతలే అని అప్పుడే తెలిసింది.

బడి పెడదామన్న ఆలోచన ఆమెదే. దోన్ ఫిదెన్సియో పిండిమర మూసేసి ఏడాదైంది. అందరూ సంచుల్లో వచ్చే పిండి కొనుక్కుంటున్నారు. తోమాసా ఆయన గుమ్మంలో కూర్చుని, "ఎలుకలకి ఊరికే ఇస్తున్నారు, మా పిల్లలు అంతకన్నా ఎక్కువ చప్పుడు చేస్తారా?" అని అడిగింది. తాళంచెవి తీసుకునే లేచింది. మర రాయి మీద పలక వేసి బల్ల చేశాం. రోజుకి ఇద్దరు తల్లులం వంతులు. కాలేజీలో చదువుకునే నొయెమీ అనే పిల్ల పొద్దున్న పూట వచ్చి, బొమ్మల కార్డులు ఎలా వాడాలో, పిల్లవాడు చెవులు మూసుకుంటే ఏం చెయ్యాలో మాకు నేర్పింది. ఆమే తర్వాత మా టీచరమ్మ అయింది. చుట్టుపక్కల కాలనీల నుంచి పిల్లలు పదిహేడు మంది అయ్యారు. వీళ్ళలో ఒక్కరికి కూడా ఇంకో బడి తెలియదు. ఎలియాస్‌కి జ్ఞానస్నానం చేయించేటప్పుడు జ్ఞానతల్లిగా నిలబడమని నేను అడిగింది తోమాసానే. అప్పటినుంచి ఒకరినొకరం కొమాద్రే అనే పిలుచుకున్నాం. నాకు నువ్వు మఠంలో చేరాక మిగిలిన తోబుట్టువు ఆమే.

బ్రిసాని నువ్వు చూడలేదు. బొద్దుగా, ఎత్తుగా ఉంటుంది. ఎవరైనా తాకితే ఒప్పుకోదు, వాళ్ళమ్మ కూడా ఒక చేతి దూరంలో కూర్చోవాలి. తనకై తాను మాట్లాడదు గానీ విన్నది విన్నట్టు అదే గొంతుతో అంటుంది. పాత పరుపులు, పాత ఫ్రిజ్‌లు కొనే బండి కేక ఎంత అచ్చంగా అనేదంటే, ఒకసారి మా పక్కింటావిడ పాత స్టవ్వు పట్టుకుని బయటికి వచ్చింది. ఎప్పుడో విన్న మాట నెలల తర్వాత కూడా అనేది. తలుపు తెరిచి ఉంటే పరిగెత్తేది. రెండుసార్లు రోడ్డు దాకా వెళ్ళింది. ఒకసారి నొయెమీ చెయ్యి గీరింది. అలాంటి పిల్ల ఎలియాస్‌తో మాత్రం వీపుకి వీపు ఆనించి గంటసేపు కూర్చునేది. ఆ పిల్ల తనంతట తాను తాకే మనిషి వాడొక్కడే.

గ్రసియేలా గారు మీ మఠం మిఠాయి కొట్టుకి వచ్చినప్పుడు మా బడి సంగతి చెప్పింది నువ్వే. నిన్ను అనడం లేదు. మంచికే చెప్పావు. నిరుడు ఆగస్టులో ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్ళూ మూడు కార్లలో వచ్చారు. ఆవిడ మర గది చూసి కళ్ళు తుడుచుకుంది. ఫోటోలు తీసే అతను ఎలియాస్ దగ్గరే ఆగిపోయాడు. "ఈ పిల్లాడి కళ్ళు చూడండి" అన్నాడు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వాడి కళ్ళు చూడమని అప్పటిదాకా ఎవరూ అనలేదు, వాడి చేతులు పట్టుకోమనే అన్నారు.

తర్వాత ఒక కాగితం వచ్చింది. వాళ్ళ సంస్థ బడి కట్టిస్తుంది, శిక్షణ పొందినవాళ్ళని పెడుతుంది. కాకపోతే ఇతర పిల్లలకి దెబ్బ తగిలించే పిల్లల్ని 'ప్రస్తుతానికి' తీసుకోరు. రోజూ జరిగినదంతా ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. తోమాసా ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"ఆ ప్రస్తుతానికి అన్న మాట నాకు నచ్చలేదు కొమాద్రే. మనలాంటి వాళ్ళకి ప్రస్తుతానికి అంటే ఎప్పటికీ అనే" అంది.

నేనే ఆమెకి నచ్చజెప్పాను. ముందు గోడలు లేవనీ, తర్వాత మన పిల్లల్ని మనం లోపలికి తెచ్చుకుందాం అన్నాను. నా చేతిరాత బాగుంటుందని పుస్తకం రాసే పని నాకిచ్చారు. కొత్త బడిలో ఆయా ఉద్యోగం నీకే అని గ్రసియేలా గారు నాతో విడిగా చెప్పింది.

అక్టోబరులో, వాళ్ళు పిల్లల్ని చూసి జాబితా రాసుకోవడానికి ఇంకో వారం ఉందనగా, మర వెనకాల మెట్ల మీంచి పాలోమా పడిపోయింది. పాలోమా అందరిలోకీ చిన్నది, ఆరేళ్ళది. మెడ కింద ఎముక విరిగింది. అందరూ పరిగెత్తుకొచ్చేసరికి పాలోమా కింద ఉంది, పై మెట్టు మీద బ్రిసా చేతులు ఆడిస్తూ అరుస్తోంది. పుస్తకంలో ఆ రోజు పేజీ తీస్తే 'బ్రిసా పాలోమాని వెనక నుంచి తోసింది' అని ఉంటుంది. చేతిరాత నాది.

తోమాసా వచ్చేసరికి పాలోమా తల్లి గుండెలు బాదుకుంటోంది. తోమాసా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమంది. ఆమె క్షమించనంది. తల్లులందరూ చూస్తున్నారు. తోమాసా లేచి, నేనెరిగిన ఇన్నేళ్ళలో మొదటిసారి, బ్రిసాని చెంప మీద కొట్టింది. తాకితేనే ఒప్పుకోని పిల్ల, కాందే. దెబ్బ తిన్నాక ఏడవలేదు. గోడ దగ్గరికి వెళ్ళి మొహం గోడకి పెట్టి నిలబడింది. నేను పుస్తకం గుండెకి పట్టుకుని చూస్తున్నాను.

జాబితాలో పన్నెండు మంది పేర్లు వచ్చాయి. బ్రిసా పేరు లేదు, ఇంకో నలుగురివీ లేవు. జనవరిలో కొత్త బడి తెరిచారు. బ్యాండు పెట్టి రిబ్బను కోశారు. బ్యాండు చప్పుడికి పిల్లల్లో సగం మంది చెవులు మూసుకుని కింద కూర్చున్నారు. తోమాసా ఆ రోజు కూడా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "పోనీలే, ఎలియాస్ అయినా లోపలున్నాడు. వాడు నాక్కూడా కొడుకే" అంది.

ఆమె బతుకు నీకు తెలుసు కదా. చీకటితో లేచి, మొక్కజొన్న పొత్తి రేకుల్లో పిండి చుట్టి ఆవిరి పట్టి, ఆ తమాలేలు బస్సు స్టాపు దగ్గర అమ్ముతుంది. మర ఉన్నన్నాళ్ళూ బ్రిసాని మాలో ఎవరో ఒకరం తీసుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఆ పిల్లని ఎక్కడ వదలాలి? ముందు తలుపుకి తాళం వేసింది. బ్రిసా కిటికీ పగలగొట్టుకుని బయటికొచ్చింది. తర్వాత శాలువాతో నడుముని మంచం కోడుకి కట్టింది. ఆ మాట నాతో చెప్తూ మొహం తిప్పుకుంది. "కుక్కని కూడా ఇలా కట్టను కొమాద్రే" అంది.

కట్టు ఊడదీసుకున్నప్పుడల్లా బ్రిసా సరిగ్గా కొత్త బడి గేటు దగ్గరికే వచ్చేది. దారి ఎలా తెలిసిందో ఎవరికీ తెలియదు. ఇనుప చువ్వలు పట్టుకుని నిలబడేది. కాపలా మనిషి మంచివాడే, కొట్టలేదు, తిట్టలేదు. "ఇక్కడ నీ పేరు లేదమ్మా, ఇంటికి పో" అనేవాడు. ఆ పిల్ల అదే గొంతుతో "ఇక్కడ నీ పేరు లేదమ్మా, ఇంటికి పో" అనేది. అతను నవ్వేవాడు.

మార్చిలో ఒక పొద్దున తోమాసా అమ్మకం మధ్యలో వదిలేసి, గేటు దగ్గరికి బ్రిసాని వెతుక్కుంటూ వచ్చింది. నేను లోపల్నుంచి చూసి బయటికి వెళ్ళాను. నీలం రంగు ఆయా కోటు తొడుక్కున్నాను. తోమాసా చేతులకి ఇంకా పిండి ఉంది. మనిషి చిక్కిపోయింది.

"నా మాట వినడం లేదు కొమాద్రే. నువ్వు చెప్పు. నువ్వంటే వింటుంది. పాలోమాని తోసింది గనక ఇక్కడికి రాకూడదని నువ్వే చెప్పు" అంది.

నేను బ్రిసా ముందుకి వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిచాను. నేనింకా ఏమీ అనకముందే ఆ పిల్ల నా కోటు గుండీల వైపు చూస్తూ, "ఎలియాస్, వద్దు. ఎలియాస్, వద్దు నాన్నా" అంది.

అది నా గొంతు, కాందే. నా గొంతులో భయం కూడా ఉన్నది ఉన్నట్టు ఉంది. నేను ఆ మాట ఎప్పుడు అన్నానో నాకు తెలుసు.

"ఇంట్లో కూడా రోజంతా ఇదే. నీ కొడుకుని తలుచుకుంటోంది పాపం. నెలల నుంచీ వాడి పేరే" అంది తోమాసా.

ఇక దాచడానికి ఏమీ లేదు. ఆ రోజు మెట్ల దగ్గర నేనున్నాను. పాలోమా ఎందుకో ఏడుపు మొదలుపెట్టింది. ఎలియాస్‌కి ఏడుపు వింటే తలలో మేకులు దిగినట్టు ఉంటుంది. ఆ చప్పుడు ఆపడానికి వాడు పాలోమాని రెండు చేతులతో తోశాడు. నేను కేక వేసి చెయ్యి చాపాను, వాడు అందలేదు. తోశాక వాడు నెమ్మదిగా లోపలికి వెళ్ళి బల్ల కింద కూర్చున్నాడు. బ్రిసా దూరంగా, బట్టలారేసిన తీగ దగ్గర ఉంది. పాలోమా పడటం చూసి పైకొచ్చి అరవడం మొదలుపెట్టింది. సాయం పిలవడానికే అరిచిందేమో. నొయెమీ పరిగెత్తుకొచ్చి, "బ్రిసా తోసిందా?" అని అడిగింది. నేను "అవును" అన్నాను.

నేనన్నది ఆ ఒక్క మాటే. ఆలోచించి అనలేదని నీకు చెప్పాలని ఉంది, కానీ ఆలోచించాను. నొయెమీ అడగడానికీ నేను చెప్పడానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో అంతా లెక్కేసుకున్నాను. బ్రిసా ఇప్పటికే రెండుసార్లు పరిగెత్తింది, గీరింది, ఎలాగూ ఆ పిల్లని తీసుకోరు. వాడికైతే దారి ఉంది. వాడి ఫోటో తీశారు. పాలోమాకి కూడా మాటలు రావు, ముగ్గురిలో ఎవరూ చెప్పలేరు. ఇదంతా అనుకున్నాకే అవును అన్నాను. సాయంత్రం కూర్చుని, గీతలు కొట్టకుండా, దస్తూరీ కుదిరేట్టు పుస్తకంలో రాశాను. తోమాసా తన కూతుర్ని కొడుతుంటే ఆపలేదు.

గేటు దగ్గర ఆ మాట విన్నాక కూడా నేను వెంటనే చెప్పలేదు. పన్నెండు రోజులు పట్టింది. రుతీలియోకి ముందు చెప్పాను. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం? మనవాడు కూడా బయటికొస్తాడు, అంతే కదా" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. నేను ఆర్నెల్లు అదే అనుకుంటూ బతికాను.

ఒక మధ్యాహ్నం తోమాసా ఇంటికి వెళ్ళాను. ఆమె పొత్తి రేకులు నీళ్ళలో నానేస్తోంది. బ్రిసా మూల కూర్చుని చిక్కుడు గింజలు ఒక్కొక్కటే గిన్నెలోంచి గిన్నెలోకి వేస్తోంది. శాలువా మంచం కోడుకే ఉంది, ముడి విప్పి. నేను నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. తోమాసా చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి. తిడుతుందనుకున్నాను, మీద పడుతుందనుకున్నాను. నా వైపు చూడనే లేదు. లేచి చేతులు తుడుచుకుని బ్రిసా దగ్గరికి వెళ్ళి, ఎప్పటిలాగే ఒక చేతి దూరంలో నేల మీద కూర్చుంది.

"నువ్వు తొయ్యలేదు" అంది.

బ్రిసా గింజ వేసింది.

"నువ్వు తొయ్యలేదమ్మా. నేను ఊరికే కొట్టాను. నువ్వు తొయ్యలేదు."

అలా ఎన్నిసార్లు అందో. చివరికి బ్రిసా కూడా వాళ్ళమ్మ గొంతుతో "నువ్వు తొయ్యలేదు" అంది. తోమాసా నోరు మూసుకుని ఏడ్చింది, చప్పుడైతే పిల్ల బెదురుతుందని. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు. వెళ్ళబోతుంటే తల తిప్పకుండా, "సోమవారం బడిలో మీటింగు ఉంది కదా. అక్కడ చెప్పు. ఆ పాలోమా తల్లి వినాలి" అంది.

చెప్పాను. కొత్త హాల్లో, దాతలు కూర్చునే వరసకి ఎదురుగా నిలబడి, పుస్తకం తెరిచి ఆ పేజీ చదివి, ఇది అబద్ధం, తోసింది నా కొడుకు అన్నాను. పాలోమా తల్లి నా మొహం చూడలేదు. హాలు గోడ మీద కూడా పెట్టిన ఎలియాస్ ఫోటో వైపు చూసింది. నొయెమీ తల దించుకుంది. ఆ రోజు అడిగింది తనే కదా.

గ్రసియేలా గారు లేచి నా ధైర్యాన్ని మెచ్చుకుంది. ఇలాంటి నిజాయితీ మన బడికి అలంకారం అంది. తర్వాత, ఈ ఏడాదికి ఖాళీలు నిండిపోయాయి గనక బ్రిసా విషయం వచ్చే ఏడాది చూద్దాం అంది.

"మరి ఈ పిల్లాణ్ణి పంపించేస్తారా? అదే కదా రూలు" అంది పాలోమా తల్లి.

"ఎలియాస్ సంగతి వేరమ్మా. ఆ రోజు వాడికి బాగోలేదు. ఇప్పుడెంత మెరుగయ్యాడో మీరే చూస్తున్నారు" అంది గ్రసియేలా గారు.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ తోమాసా అప్పుడు నోరు విప్పింది. "బ్రిసాకి బాగోలేని రోజులు మాత్రం మీరు రాసుకున్నారు" అంది.

ఎవరో కాఫీ తెమ్మన్నారు. తోమాసా కాఫీ వచ్చేలోపే వెళ్ళిపోయింది.

మర్నాడు నన్ను పిలిచి, తల్లిదండ్రులకి నమ్మకం పోతుంది గనక ఉద్యోగం మానుకుంటే మంచిదని మర్యాదగా చెప్పారు. నీలం కోటు ఉతికి ఇచ్చి వచ్చాను. ఎలియాస్ మాత్రం ఇంకా ఆ బడికే వెళ్తున్నాడు. వాణ్ణి మాన్పించి ఉంటానని నువ్వు అనుకుని ఉంటావు. గుమ్మం దాకా వెళ్ళాను, కాందే. వాడు గుడ్డ ఊయలలో కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. పుట్టాక వాడి చేతులు అంత కదలకుండా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. తిరిగి వచ్చేశాను. ఇంత చెప్పిన తర్వాత కూడా నేను అంతటిదాన్నే. ఇది కూడా నీకు తెలియాలి.

దోన్ ఫిదెన్సియో దగ్గర మళ్ళీ తాళంచెవి అడిగాను. మర గది కడిగి, పలక సరిచేసి, వెనక మెట్లకి రుతీలియో చేత పిట్టగోడ కట్టించాను. జాబితాలో పేర్లు రాని ఐదుగురి ఇళ్ళకీ వెళ్ళాను. ఇద్దరు తల్లులు పిల్లల్ని పంపారు. ఒకావిడ తలుపు తియ్యలేదు. ఇంకొకళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారు. తోమాసా ఇంటి దగ్గర తలుపు తెరిచే ఉంది గానీ ఎవరూ పలకలేదు. నొయెమీ వారానికి రెండు సాయంత్రాలు వస్తోంది.

మూడు వారాల తర్వాత, పోయిన గురువారం పొద్దున్న, నేను గది ఊడుస్తుంటే తోమాసా వచ్చింది. వెనక బ్రిసా. శాలువా తోమాసా భుజం మీదే ఉంది. ఆమెకి ఇంకో చోటు లేదు, అందుకే వచ్చింది. నన్ను క్షమించి రాలేదు. అది తన మొహం మీద రాసి ఉంది. బ్రిసా నన్ను దాటుకుని నేరుగా లోపలికి వెళ్ళి, ఎప్పుడూ కూర్చునే చోట గోడకి వీపు ఆనించి కూర్చుంది. పక్కన కాస్త జాగా వదిలింది.

లోపలికి రా కొమాద్రే అన్నాను. రాలేదు. బ్రిసాకి నీళ్ళు ఏ గ్లాసులో ఇవ్వాలో చెప్పింది. నాకు తెలిసిన గ్లాసే. ఏడేళ్ళుగా ఇచ్చిన గ్లాసే. కొత్త మనిషికి చెప్పినట్టు చెప్పింది. అప్పుడు గమనించాను, నన్ను మీరు అంటోంది. నా కొడుకుకి జ్ఞానతల్లి, నా పుట్టినరోజుకి సరదాగా నా నెత్తిన పిండి పోసిన మనిషి.

"పదకొండింటికి వస్తాను దెల్ఫీనా గారూ" అంది. రెండడుగులు వేసి ఆగింది. "ఈ పూట ఇక్కడ ఏం జరిగినా, జరిగింది జరిగినట్టు నాకు చెప్పండి."

చెప్తానన్నాను. పదకొండింటికి వచ్చినప్పుడు చెప్పాను కూడా. గోడ గీరింది, నీళ్ళు ఒలకబోసింది, రెండుసార్లు ఎలియాస్ పేరు అంది అని. ఆమె వింది, తల ఊపింది, బ్రిసాని తీసుకుని వెళ్ళింది. రోజూ అంతే.

ఈ ఉత్తరం మదర్‌కి చూపిస్తావో లేదో నీ ఇష్టం. నా కోసం ప్రార్థన చెయ్యమని ఈసారి అడగను. దేవుడు క్షమించాడని మాత్రం నాకు రాయకు. నువ్వు రాస్తే నేను నమ్ముతాను, నమ్మితే నిద్ర పడుతుంది. అప్పాల అంచులు వీలైతే మళ్ళీ పంపు. ఈసారి సగం బ్రిసాకి ఇస్తాను. అది తింటుందో లేదో తెలియదు.

ఇట్లు,
ఒకప్పుడు నీకు అక్షరాలు దిద్దించిన,
నీ అక్క
దెల్ఫీనా